పేరు, కాగితం, సాక్ష్యం: హబీబురహ్మాన్ ఆత్మకథకు చార్మినార్ నేపథ్యంలో ఒక పఠనం

వ్యాససంగ్రహం

పౌరసత్వపు కాగితాలు లేని బాల్యం నుంచి వలస సమాజాల హక్కుల ప్రతినిధిగా ఎదిగిన వ్యక్తుల ఆత్మకథలు ఇటీవలి కాలంలో ఒక ప్రత్యేక శాఖగా రూపొందాయి. వీటిలో అమెరికా నుంచి వెలువడినవే ఎక్కువ ప్రచారం పొందాయి. రోహింగ్యా రచయిత హబీబురహ్మాన్ ఆత్మకథ ఆ నమూనాకు లొంగదని, దానికి కారణం రచనాశైలిలో కాక చట్టం కల్పించిన బాల్యంలోనే ఉన్నదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. రోహింగ్యా శరణార్థులు నివసిస్తున్న హైదరాబాద్ పాతబస్తీని, బర్మా వెళ్లిన తెలుగువారి చరిత్రను పక్కన పెట్టుకొని చదివినప్పుడు ఈ గ్రంథం తెలుగు పాఠకునికి ఏ ప్రశ్నలు వేస్తుందో పరిశీలిస్తుంది.

కీలకపదాలు: రోహింగ్యా, ఆత్మకథ, పౌరసత్వం, కాందిశీకుడు, ముల్కీ, పాతబస్తీ, బర్మా తెలుగువారు, సాక్ష్యసాహిత్యం.

1. ఉపోద్ఘాతం

చార్మినార్ నుంచి దక్షిణంగా శాలిబండ, చాంద్రాయణగుట్ట మీదుగా సాగే దారి బార్కస్ చేరుతుంది. ‘బ్యారక్స్’ అనే ఆంగ్లపదం జనం నోళ్లలో నలిగి బార్కస్ అయింది. నిజాం కొలువులో సైనికులుగా పనిచేయడానికి యెమెన్‌లోని హద్రమౌత్ ప్రాంతం నుంచి వచ్చిన అరబ్బుల సంతతివారు ఇప్పటికీ అక్కడ నివసిస్తున్నారు. బార్కస్ దాటితే బాలాపూర్. మియన్మార్‌లోని అరకాన్ ప్రాంతం విడిచి వచ్చిన రోహింగ్యా కుటుంబాలు, ముఖ్యంగా 2012 నాటి హింస తర్వాత, ఇక్కడి ఖాళీ స్థలాలలో గుడిసెలు వేసుకొని స్థిరపడ్డాయి. చిత్తుకాగితాలు ఏరడం, కట్టడాల వద్ద దినకూలీ వీరి ప్రధాన జీవనాధారాలు. చార్మినార్ ప్రాంతం కేంద్రంగా పనిచేసే ‘కోవా’ అనే స్వచ్ఛంద సంస్థల సమాఖ్య ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థకు భాగస్వామిగా వీరి మధ్య పనిచేసింది. ఆ సంస్థ ఇచ్చే గుర్తింపు కార్డే వీరిలో చాలామందికి ఉన్న ఏకైక పత్రం.

ఈ కుటుంబాల గురించి తెలుగు పత్రికలలో వచ్చే వార్తల్లో ‘అక్రమ వలసదారులు’, ‘చొరబాటుదారులు’ అనే మాటలే తరచుగా కనబడతాయి. వార్తకు అవసరమైన క్లుప్తత ఆ మాటల్లో ఉన్నది. మనిషి ఎక్కడ పుట్టాడు, ఏ చట్టం వల్ల కాగితం పోగొట్టుకున్నాడు, కాగితం లేకుండా ఎలా పెరిగాడు అనే వివరం వాటిలో ఇమడదు. ఆ వివరాన్ని లోపలి నుంచి చెప్పిన గ్రంథాలలో హబీబురహ్మాన్ ఆత్మకథ ముఖ్యమైనది. ఫ్రెంచి పాత్రికేయురాలు సోఫీ ఆన్సెల్‌తో కలిసి ఆయన రూపొందించిన ఈ పుస్తకం 2012లో ఫ్రెంచిలో వెలువడింది. ఆండ్రియా రీస్ చేసిన ఆంగ్లానువాదం ‘ఫస్ట్, దే ఎరేజ్డ్ అవర్ నేమ్’ పేరుతో 2019లో వచ్చింది.

రచయిత జీవితరేఖ క్లుప్తంగా ఇది. 1979లో పశ్చిమ బర్మాలో పుట్టాడు. 2000లో దేశం విడిచాడు. ఆగ్నేయాసియా దేశాలలో ఏళ్ల తరబడి కాగితాలు లేకుండా బతికి, 2009 డిసెంబరులో పడవలో ఆస్ట్రేలియా చేరాడు. అక్కడి నిర్బంధ కేంద్రాలలో 32 నెలలు గడిపాడు. విడుదలైన తర్వాత మెల్‌బోర్న్‌లో ఆస్ట్రేలియా రోహింగ్యాల కోసం ఒక సంస్థను స్థాపించి, దుబాసీగా, సామాజిక కార్యకర్తగా, తన జాతి ప్రతినిధిగా పనిచేస్తున్నాడు. ఆంగ్లానువాదం వెలువడిన నాటికి కూడా ఆయన ఏ దేశపు పౌరుడూ కాదు.

2. 1982: ఒకే ఏడాది, రెండు బాల్యాలు

కాగితాలు లేని బాల్యం గురించిన ఆత్మకథలకు అమెరికాలో ఒక స్థిరరూపం ఏర్పడింది. దానికి మంచి ఉదాహరణ హోసే ఆంటోనియో వర్గాస్ 2018లో ప్రచురించిన ‘డియర్ అమెరికా’. ఫిలిప్పీన్స్‌లో పుట్టిన వర్గాస్‌ను 1993లో, పన్నెండేళ్ల వయసులో, తల్లి కాలిఫోర్నియాలోని తాత, అమ్మమ్మల దగ్గరికి పంపింది. పదహారేళ్ల వయసులో డ్రైవింగ్ పర్మిట్ కోసం వెళ్లినప్పుడు తన గ్రీన్ కార్డు నకిలీదని అతనికి తెలిసింది. పాత్రికేయుడై, పులిట్జర్ బహుమతి పొందిన వాషింగ్టన్ పోస్ట్ బృందంలో సభ్యుడై, 2011లో తన స్థితిని స్వయంగా లోకానికి వెల్లడించి, వలసదారుల పక్షాన మాట్లాడే సంస్థను నెలకొల్పాడు. బాల్యం, బడి, హఠాత్తుగా నిజం తెలియడం, దాచిపెట్టడం, చివరికి బయటపడి గొంతెత్తడం అనే క్రమం ఈ రకపు రచనలలో మళ్లీ మళ్లీ కనబడుతుంది.

ఈ క్రమం రచయితల కల్పనాశక్తి నుంచి పుట్టలేదు. దాని వెనుక ఒక న్యాయస్థానపు తీర్పు ఉన్నది. కాగితాలు లేవన్న కారణంతో పిల్లలకు ప్రభుత్వ పాఠశాలలో ప్రవేశం నిరాకరించరాదని అమెరికా సుప్రీంకోర్టు ‘ప్లైలర్ వర్సెస్ డో’ వ్యాజ్యంలో 1982 జూన్ 15న ప్రకటించింది. ఆ తీర్పు వల్లనే అక్కడి పిల్లవాడికి తన స్థితి తెలియకుండా పన్నెండో తరగతి దాకా చదివే అవకాశం కలిగింది. బడి గేటు దగ్గర ఎవరూ కాగితం అడగరు. వాహనం నడిపే వయసు వచ్చాకే అడుగుతారు. కాబట్టి కథలో మలుపు కౌమారంలో వస్తుంది. అప్పటికే పిల్లవాడు ఆ దేశపు భాషలో, ఆ దేశపు కలలతో పెరిగి ఉంటాడు గనుక, ‘నేను ఎప్పుడో మీవాడినయ్యాను, కాగితమే రాలేదు’ అన్న వాదన సహజంగా అమరుతుంది.

సరిగ్గా నాలుగు నెలల తర్వాత, 1982 అక్టోబరు 15న, నే విన్ ప్రభుత్వం బర్మాలో కొత్త పౌరసత్వ చట్టం తెచ్చింది. మొదటి ఆంగ్ల-బర్మా యుద్ధం 1824లో మొదలైంది. దానికి ముందటి 1823 సంవత్సరాన్ని ఆ చట్టం గీతగా గీసి, అంతకు ముందు నుంచి బర్మాలో స్థిరపడిన జాతులనే సంపూర్ణ పౌరులుగా గుర్తించింది. తరువాత ప్రభుత్వం ప్రకటిస్తూ వచ్చిన 135 జాతుల జాబితాలో రోహింగ్యాల పేరు లేదు. హబీబురహ్మాన్ ఆత్మకథ ఇక్కడే, కథకుడి మూడో ఏటనే ప్రారంభమవుతుంది. మూడేళ్ల పిల్లవాడు ఏ సరిహద్దూ దాటలేదు. ఎవరి ఇంటికీ చెప్పకుండా వెళ్లలేదు. ఉన్నచోటనే ఉండగా చట్టం వచ్చి అతన్ని పరాయివాణ్ణి చేసింది.

అందువల్ల ఈ పుస్తకంలో ‘నిజం తెలిసిన క్షణం’ అంటూ విడిగా ఉండదు. పరాయితనం ఇక్కడ రహస్యం కాదు. అది వీధిలో, బడిలో, సిపాయి నోట, తోటి పిల్లల నోట ‘కలా’ అనే పిలుపుగా రోజూ వినబడేదే. భారతీయ మూలాలున్నవారిని, నల్లని చర్మం గలవారిని హీనపరచడానికి బర్మాలో వాడే మాట అది. వర్గాస్ ఒక అబద్ధాన్ని దాచవలసి వచ్చింది. హబీబురహ్మాన్ దాచవలసింది నిజాన్ని, అంటే తన జాతి పేరునే. మొదటివాడు కాగితం సంపాదిస్తే పౌరుడు కావచ్చు. రెండోవాడికి కాగితం రావాలంటే ముందు తన పేరు మార్చుకోవాలి. ఈ తేడాను గమనించకుండా రెండింటినీ ఒకే గాటన కట్టి ‘వలసదారుల ఆత్మకథలు’ అనడం విమర్శలో సౌకర్యమే తప్ప సమంజసం కాదు.

బాలాపూర్ పిల్లల స్థితి ఈ రెండింటికీ నడుమ ఉన్నది. 2009 నాటి విద్యాహక్కు చట్టం ఆరు నుంచి పద్నాలుగేళ్ల వయసున్న ప్రతి బాలుడికీ, బాలికకూ వర్తించేలా రాసి ఉన్నది. 2025 ఫిబ్రవరిలో ఢిల్లీలోని రోహింగ్యా పిల్లల విషయంలో సుప్రీంకోర్టు, వారు ముందు పాఠశాలలనే ఆశ్రయించాలని, నిరాకరణ ఎదురైతే హైకోర్టుకు వెళ్లవచ్చని చెప్పింది. అంటే బడి తలుపు తెరుచుకునే వీలున్నది. కానీ అదే పిల్లవాడి తల్లిదండ్రులు 1946 నాటి విదేశీయుల చట్టం కింద, 2025 సెప్టెంబరు నుంచి దాని స్థానంలో అమలులోకి వచ్చిన వలస, విదేశీయుల చట్టం కింద అక్రమంగా ఉంటున్నవారే. 1951 నాటి శరణార్థుల ఒడంబడికపై భారతదేశం సంతకం చేయలేదు. ఇక్కడ పెరిగే పిల్లవాడు రేపు తన కథ రాస్తే అది వర్గాస్ కథలా మొదలై హబీబురహ్మాన్ కథలా నడవవచ్చు.

3. శీర్షికలో ‘మేము’

ఫ్రెంచి మూలానికి పెట్టిన పేరు ‘నూ, లేజ్ ఇనొమాబ్ల్’. ఆ చివరి మాటకు రెండర్థాలున్నాయి. పేరు పెట్టి పిలవడానికి వీలులేనిది అన్నది ఒకటి. నోటితో చెప్పరానంత హేయమైనది అన్నది రెండోది. తెలుగులో ‘పేరెత్తరాని’ అన్న పదబంధం ఈ రెండర్థాలనూ చిత్రంగా మోయగలదు. ‘పేరెత్తరానివాళ్లం’ అంటే అవమానమూ నిషేధమూ రెండూ ధ్వనిస్తాయి. ఆంగ్ల శీర్షిక ఈ శ్లేషను వదిలేసి మరో దారి పట్టింది. అందులో ‘వారు’ కర్తగా, ‘మా పేరు’ కర్మగా నిలిచాయి. ‘మొదట’ అనే క్రియావిశేషణం తర్వాత రాబోయే దారుణాలను సూచిస్తుంది. ఫ్రెంచి శీర్షిక ఒక స్థితిని చెబితే ఆంగ్ల శీర్షిక ఒక నేరాన్ని చెబుతుంది.

ఈ మార్పు అనువాదకురాలి రుచిభేదం మాత్రమే అనుకోలేం. రెండు ప్రచురణల నడుమ 2017 ఆగస్టు వచ్చింది. సైనిక చర్యకు భయపడి 7 లక్షలకు పైగా రోహింగ్యాలు బంగ్లాదేశ్‌కు పారిపోయారు. 2012లో ఫ్రెంచి పాఠకునికి ఈ జాతి ఉన్నదని చెప్పడమే పుస్తకం పని. 2019లో ఆంగ్ల పాఠకునికి ఆ జాతి పేరు వార్తల ద్వారా తెలుసు. ఎవరు చేశారు, ఏ క్రమంలో చేశారు అన్నదే అతని ప్రశ్న. పేరు చెరిపివేత ఒక అలంకారం కాదనడానికి 2014 నాటి మియన్మార్ జనాభా లెక్కలే నిదర్శనం. తమను తాము రోహింగ్యాలుగా నమోదు చేసుకోవడానికి అందులో అనుమతి ఇవ్వలేదు. ‘బెంగాలీ’ అని రాయించుకోవాలి, లేదా లెక్కలోకి రాకుండా పోవాలి.

తెలుగు అనువాదకునికి ఈ శీర్షిక దగ్గర ఫ్రెంచి, ఆంగ్ల భాషలలో లేని ఒక ఇబ్బంది ఎదురవుతుంది. ఆ భాషల్లో ఉత్తమపురుష బహువచనం ఒక్కటే. తెలుగులో ‘మేము’, ‘మనము’ అని రెండున్నాయి. వినేవాణ్ణి బయట ఉంచి చెప్పేది మొదటిది, కలుపుకొని చెప్పేది రెండోది. ఈ పుస్తకంలోని బహువచనం పాఠకుణ్ణి ఎక్కడ నిలబెడుతుంది? పారిస్ పాఠకుడికైనా లండన్ పాఠకుడికైనా ఆ ప్రశ్న రాదు, వ్యాకరణం అడగదు గనుక. తెలుగులో ప్రతి వాక్యమూ అడుగుతుంది. రోహింగ్యాల అనుభవం తెలుగువారికి పూర్తిగా ‘మీది’ కాదని, బర్మాలో ‘కలా’ అనిపించుకున్నవారిలో తెలుగువారు కూడా ఉన్నారని అయిదో విభాగంలో చూడవచ్చు. అయినా ఇక్కడ ‘మేము’ అనడమే న్యాయం. ‘మనము’ అంటే పాఠకుడు అర్హత లేకుండా లోపలికి వచ్చినట్టవుతుంది.

4. చెప్పినవాడు, రాసినవారు

ఈ ఆత్మకథ మూడు చేతులు మారి ఆంగ్ల పాఠకునికి చేరింది. చెప్పినవాడు హబీబురహ్మాన్. ఫ్రెంచిలో అక్షరబద్ధం చేసినవారిలో సోఫీ ఆన్సెల్ ఉన్నది. ఆంగ్లంలోకి తెచ్చింది ఆండ్రియా రీస్. ఇటువంటి గ్రంథాలలో గొంతు ఎవరిదన్న ప్రశ్న అనివార్యం. ఈ పుస్తకంలో అది ఒకచోట బాహాటంగా కనబడుతుంది. కథనం వర్తమానకాలంలో సాగుతుంది. మూడేళ్ల బాలుడు ‘నేను’ అంటూ మాట్లాడతాడు. తనకు దేశం లేదన్న సంగతి ఇంకా తెలియని ఆ బాలుడే, ఆ సంగతి తనకు తెలియదని పాఠకుడికి చెబుతాడు. బాలుడికి తెలియనిది బాలుడి నోటనే చెప్పించడం తర్కానికి నిలవదు. నిలవకపోయినా అది పనిచేస్తుంది. కారణం, పౌరసత్వం పోవడం నిజంగానే బాలుడికి తెలియకుండా బాలుడికే జరిగిన సంఘటన. జ్ఞాపకంగా భూతకాలంలో చెబితే అది ముగిసిపోయిన కథ అవుతుంది. రచయితకు అది నేటికీ ముగియలేదు.

అయితే ఈ వర్తమానకాలం పుస్తకమంతా ఒకే పట్టుతో నిలవదు. పాఠకుణ్ణి ఒప్పించాలన్న తొందర, సాక్ష్యం నమోదు చేయాలన్న బాధ్యత పైకి వచ్చినప్పుడు ఆత్మకథ వాంగ్మూలం వైపు ఒరుగుతుంది. శరణు కోరే మనిషి తన జీవితాన్ని అధికారుల ముందు అనేకసార్లు వరుసగా, తేదీలతో, పొంతన తప్పకుండా చెప్పవలసి ఉంటుంది. ఎక్కడ తడబడినా అబద్ధమని కొట్టివేస్తారు. అలా చెప్పి చెప్పి స్థిరపడిన కథకు ఒక నునుపు వస్తుంది. మరుపు, సందేహం, తనపై తనకు కలిగే అసహ్యం, పరస్పర విరుద్ధమైన కోరికలు ఆ నునుపులో మాసిపోతాయి. ఆత్మకథకు ప్రాణం పోసేవి అవే. ఈ లోటును రచయిత అశక్తతగా కాక, ఆ సాహిత్యరూపం పుట్టిన కార్యాలయపు గదుల ప్రభావంగా చూడడం సబబు.

తెలుగులో దీనికి పోల్చదగిన ప్రయత్నం ఉన్నది. స్త్రీశక్తి సంఘటన 1986లో వెలువరించిన ‘మనకు తెలియని మన చరిత్ర’ తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల జ్ఞాపకాలను వారి మాటల్లోనే నమోదు చేసింది. అక్కడ ప్రశ్న వేసినవారు కూడా కనబడతారు. చెప్పేవారి మౌనాలు, పార్టీపై అలకలు, దాటవేతలు చెరిగిపోలేదు. ఆ స్త్రీలకు తమ మాటతో ఏ అధికారినీ ఒప్పించవలసిన అవసరం లేకపోవడం ఆ స్వేచ్ఛకు ఒక కారణం కావచ్చు. హబీబురహ్మాన్‌కు ఆ స్వేచ్ఛ లేదు. ఆయన పుస్తకం వెలువడేనాటికి ఆయన స్థితి ఇంకా అధికారుల చేతిలోనే ఉన్నది.

ఈ కథకుడు హక్కుల ప్రతినిధిగా మారిన తీరు గమనించదగినది. వర్గాస్ తన వృత్తిలో శిఖరం అందుకొని, ఆ గౌరవాన్ని పణంగా పెట్టి బయటపడ్డాడు. హబీబురహ్మాన్‌కు పణంగా పెట్టడానికి అలాంటిదేమీ లేదు. ఆయన చేతిలో ఉన్నది భాష. శిబిరంలో, నిర్బంధ కేంద్రంలో, సహాయ కార్యాలయంలో ఒకరి మాటను మరొకరికి అందించే దుబాసీ పనిలోనే ప్రతినిధి తయారవుతాడు. ముందు ఇతరుల కథలను అక్షరం తప్పకుండా అప్పగించడం, ఆ కథలన్నింటిలోనూ ఒకే చట్టం పునరావృతం కావడం గమనించడం, ఆ తర్వాత ‘నేను’ బదులు ‘మేము’ అని మాట్లాడడం అన్న క్రమంలో ఈ మార్పును ఊహించవచ్చు. విజేత గాథల నమూనాలో ఈ చిన్న పనికి చోటు దొరకదు. ఈ పుస్తకం గురించి వెలువడే ప్రశంసలు రచయిత ధైర్యాన్ని మెచ్చుకున్నంతగా ఆయన దుబాసీతనాన్ని పట్టించుకోకపోవడం ఒక లోపమే.

5. కొరంగీలు, కాందిశీకులు

తెలుగు పాఠకునికి ఈ పుస్తకం దూరదేశపు కథ కాదు. కాకినాడ దగ్గరి కోరంగి రేవు నుంచి ఓడలెక్కి బర్మా వెళ్లిన తెలుగు కూలీలను అక్కడ ‘కొరంగీలు’ అనేవారు. రంగూన్ రేవులో సరుకు దించే పని చాలావరకు వీరి చేతుల్లో ఉండేది. 1930 మే నెలలో తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె చేయగా, వారి స్థానంలో బర్మీయులను పెట్టుకున్నారు. సమ్మె ముగిసి తెలుగువారు తిరిగి పనిలోకి రావడంతో బర్మీయులను తీసివేశారు. అక్కడ రాజుకున్న గొడవ రంగూన్ నగరమంతటా భారతీయులపై దాడులుగా మారింది. యజమానుల కూలిలెక్క జాతుల వైరంగా మారిన ఈ ఘట్టం బర్మాలో భారతీయ వ్యతిరేకత చరిత్రలో ప్రధానమైనది. ‘కలా’ అన్న మాట అప్పుడు తెలుగు కూలీకీ తగిలింది.

1937లో బర్మా భారతదేశం నుంచి పాలనాపరంగా విడిపోయింది. 1942లో జపాన్ దాడితో లక్షలాది భారతీయులు కాలినడకన బయలుదేరారు. వారు పట్టిన దారులలో ఒకటి అరకాన్ మీదుగా చిట్టగాంగ్ చేరుతుంది. నేటి రోహింగ్యాలు పారిపోతున్న నేల అదే. 1962లో అధికారానికి వచ్చిన నే విన్ 1964 నుంచి వ్యాపారాలను జాతీయం చేయడంతో సుమారు 3 లక్షల మంది భారతీయులు ఆ దేశం వదిలారు. అలా తిరిగివచ్చిన తెలుగు కుటుంబాల జ్ఞాపకంగా విశాఖపట్నంలో ఇప్పటికీ ‘బర్మా క్యాంపు’ అనే పేరు నిలిచి ఉన్నది. హబీబురహ్మాన్‌ను మూడో ఏట పరాయివాణ్ణి చేసిన పాలకుడే అంతకు రెండు దశాబ్దాల ముందు తెలుగువారిని పంపివేశాడు. బర్మాలోనే ఉండిపోయిన తెలుగు కుటుంబాలు కూడా 135 జాతుల జాబితాలో లేనివే.

ఆ రోజుల్లో తెలుగు పత్రికలు బర్మా నుంచి వచ్చినవారిని ‘కాందిశీకులు’ అన్నాయి. ‘ఏ దిక్కుకు పోదును’ అంటూ పరుగెత్తేవాడు కాందిశీకుడని సంస్కృత వ్యుత్పత్తి. నేరం ఆ మాటలో లేదు, దిక్కుతోచనితనమే ఉన్నది. 1947 విభజన బాధితులకూ ఆ మాట వాడారు. అదే బర్మా నుంచి, అదే దారిలో వచ్చిన రోహింగ్యాను నేటి తెలుగు ‘కాందిశీకుడు’ అనడం అరుదు. మాట పాతబడిందని సమాధానం చెప్పవచ్చు. పాతబడిన మాట స్థానంలో ‘శరణార్థి’ ఉన్నది. దాన్ని కూడా దాటి ‘చొరబాటుదారు’ దగ్గరికి పోవడానికి పదజాలపు మార్పు ఒక్కటే కారణం అనుకోలేం. తిరిగివచ్చినవాడు మనవాడు, పారిపోయి వచ్చినవాడు పరాయివాడు అన్న విభజన ఆ రెండు మాటల నడుమ పనిచేస్తున్నది.

6. చార్మినార్ నీడలో కాగితం

1591లో చార్మినార్ కట్టించినవాడు మహమ్మద్ కులీ కుతుబ్‌షా. ఆ కొత్త నగరపు రూపకల్పనలో ప్రధాన పాత్ర వహించిన పీష్వా మీర్ మొమిన్ ఇరాన్‌లోని అస్తరాబాద్ నుంచి వలస వచ్చినవాడు. ఆయన సమాధి ఉన్న దాయరా పాతబస్తీలోనే ఉన్నది. తర్వాతి కాలంలో ఆఫ్రికా మూలాల సిద్దీలు, హద్రమౌత్ అరబ్బులు, పఠాన్లు నిజాం సైన్యంలో చేరి ఇక్కడివారయ్యారు. సిద్దీల అశ్వదళం పేరు నగరంలో ‘ఏసీ గార్డ్స్’ అన్న పేటగా మిగిలింది. పాతబస్తీని గురించి ఈ వైవిధ్యాన్ని పొగిడే వాక్యాలు పర్యాటక పుస్తకాలలో కొల్లలు. వాటిలో ఒక విషయం ఉండదు. ఈ నగరం తన వలసదారులను కాగితం అడిగిన చరిత్ర కూడా సుదీర్ఘమైనదే.

1919 నాటి నిజాం ఫర్మానా ప్రకారం ప్రభుత్వోద్యోగానికి ముల్కీ అయి ఉండాలి. ముల్కీ కానివాడు ముల్కీ కావాలంటే 15 ఏళ్ల నివాసం చూపాలి. ఆ నిబంధన చుట్టూ 1952లో హైదరాబాద్‌లో కాల్పుల దాకా వెళ్లిన ఆందోళన తెలుగు రాజకీయ చరిత్రలో అందరికీ తెలిసిందే. ముల్కీ సర్టిఫికెట్ అనే కాగితానికి అంత విలువ ఉన్న నగరం ఇది. దీనికంటే తక్కువగా గుర్తున్నది 1948 పోలీస్ యాక్షన్ తర్వాతి ఘట్టం. నిజాం సైన్యం రద్దయ్యాక అరబ్బులను, పఠాన్లను విదేశీయులుగా పరిగణించి దేశం నుంచి పంపించే ప్రయత్నం జరిగింది. తరాల కిందట వచ్చినవారు, ఇక్కడే పుట్టినవారు, ఇక్కడి స్త్రీలను పెళ్లాడినవారు ఏ దేశపు పౌరులన్నది ఆనాటి అధికారులకు తేలని చిక్కుముడి అయింది. పంపించడానికి అవతలి ఒడ్డున ఒప్పుకునే దేశం ఉండాలి. ఆ చిక్కు వల్లనే ప్రయత్నం పూర్తిగా నెరవేరలేదు. బార్కస్ నేటికీ మిగిలి ఉండడంలో ఈ వైఫల్యం పాత్ర కొంత ఉన్నది.

తెలుగు కథ ఈ కాలాన్ని తాకకుండా పోలేదు. నెల్లూరి కేశవస్వామి ‘యుగాంతం’ కథ పోలీస్ యాక్షన్ నాటి హైదరాబాద్‌ను లోపలి చూపుతో చిత్రించింది. 1981లో వెలువడిన ఆయన ‘చార్మినార్’ కథాసంపుటి పాతబస్తీ ముస్లిం కుటుంబాల ఇళ్లలోపలి జీవితాన్ని తెలుగులోకి తెచ్చింది. స్కైబాబ సంపాదకత్వంలో 2004లో వచ్చిన ముస్లిం కథాసంకలనం పేరే ‘వతన్’. స్వదేశం అన్న అర్థమున్న ఆ మాటను తెలుగు ముస్లిం కథకులు తమ సంకలనానికి శీర్షిక చేసుకోవడంలో ఒక ప్రశ్న ఉన్నది: ఈ నేల మాది కాదనేది ఎవరు? ఆ ప్రశ్న వేయడానికి నేలపై హక్కు ఉండాలి. తెలుగు ముస్లిం రచయితకు ఆ హక్కు రాజ్యాంగం ఇచ్చింది. రోహింగ్యా ఆ ప్రశ్నను బాలాపూర్‌లో వేయలేడు, అరకాన్‌లోనూ వేయలేడు. అందుకే హబీబురహ్మాన్ గ్రంథాన్ని తెలుగు ముస్లింవాద సాహిత్యానికి కొనసాగింపుగా చదవడం కుదరదు. మతసామ్యం ఆధారంగా రెండింటినీ కలిపే పఠనం, పౌరుడికీ పౌరుడు కానివాడికీ ఉన్న అంతరాన్ని చెరిపేస్తుంది. రోహింగ్యాలను వ్యతిరేకించేవారు చేసేదీ సరిగ్గా అదే.

7. పేరు చెప్పుకోవడం

2020 ఫిబ్రవరిలో ఆధార్ సంస్థ హైదరాబాద్ ప్రాంతీయ కార్యాలయం నగరంలోని 127 మందికి నోటీసులు పంపింది. తప్పుడు పత్రాలతో ఆధార్ పొందారన్న ఆరోపణపై, మూలపత్రాలతో హాజరై పౌరసత్వం నిరూపించుకోవాలని అందులో కోరింది. ఆధార్ పౌరసత్వానికి రుజువు కాదని చెప్పే సంస్థే పౌరసత్వపు రుజువు అడగడంపై అప్పట్లో విమర్శలు చెలరేగాయి. మరుసటి ఏడాది, 2021 ఏప్రిల్ 8న, జమ్మూలో నిర్బంధించిన రోహింగ్యాల విషయంలో సుప్రీంకోర్టు నిర్ణీత విధానం పాటించకుండా పంపించరాదని, పాటిస్తే పంపించవచ్చని మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. ఈ రెండు సంఘటనల తర్వాత బాలాపూర్ గుడిసెల్లోని మనిషి తన జీవితాన్ని చెప్పడానికి నోరు విప్పితే ఏమవుతుందో వేరే వివరించనక్కరలేదు.

సాక్ష్యసాహిత్యపు విమర్శలో ‘బయటపడడం’ అన్నది ఒక విలువగా స్థిరపడింది. వర్గాస్ తన పేరు చెప్పడమే ఆయన రాజకీయ చర్య. హబీబురహ్మాన్ పుస్తకం అట్టమీద తన పేరును, తన జాతి పేరును పక్కపక్కనే వేయించుకున్నాడు. పేరు చెరిపివేయడమే మొదటి నేరమని చెప్పే పుస్తకానికి అంతకంటే తగిన అట్ట ఉండదు. ఆయన ఆ పని చేయగలిగింది మెల్‌బోర్న్ చేరాక, వెనక్కి పంపే ప్రమాదం చాలావరకు తగ్గాక. బాలాపూర్‌లో ఆ వెసులుబాటు లేదు. ఇక్కడ సేకరించే ఏ మౌఖిక కథనమైనా పరిశోధన నైతికతను అనుసరించి పేరు మార్చి, ఊరు మార్చి, తేదీలు కలగాపులగం చేసి ప్రచురించవలసిందే. అంటే పేరు చెరిగిపోయిన జాతి కథను నమోదు చేయడానికి పరిశోధకుడే ముందుగా పేరు చెరపాలి. ఈ వైరుధ్యానికి ఈ పుస్తకం పరిష్కారం చూపదు, చూపవలసిన బాధ్యతా దానిపై లేదు.

భాష ప్రశ్న మరొకటి. రోహింగ్యాల మాట చిట్టగాంగ్ ప్రాంతపు భాషకు దగ్గరిది. పాతబస్తీలో పెరుగుతున్న పిల్లల నోట దక్కనీ ఉర్దూ చేరింది. బడికి వెళ్లినవారికి తెలుగు కూడా కొంత వస్తుంది. ఆ పిల్లలలో ఎవరైనా తల్లిదండ్రుల మాటను కార్యాలయపు బల్ల అవతలి మనిషికి తెలుగులో, ఉర్దూలో చెప్పే పని ఇప్పటికే చేస్తూ ఉంటే ఆశ్చర్యం లేదు. హబీబురహ్మాన్ పని మొదలైంది అలాంటి బల్లల దగ్గరే. అరకాన్‌ను ఎన్నడూ చూడని, లేదా చంకనెక్కి దాటివచ్చిన ఆ పిల్లలు తమ కథను ఏ భాషలో రాస్తారన్నది, అందులో ‘మేము’ అంటారా ‘మనము’ అంటారా అన్నది, వారి చేతిలో ఏ కార్డు ఉంటుందన్న దానిపై చాలావరకు ఆధారపడి ఉంటుంది.